అప్‌డేట్: స్కార్ఫ్‌ల సంగతి తేలింది

పిల్లలతో రంగులద్దే క్లాస్ కోసం 20 తెల్ల స్కార్ఫ్‌లు చవగ్గా కావాలని అడిగాను కదా, ఆ పని అయిపోయింది. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

ముందు నా తెలివితక్కువ పని చెప్తాను. 'సిల్క్ లాంటి' అని రాసి ఉన్న కట్ట ఒకటి తక్కువకే వస్తోందని కొనేశాను. రంగులో ముంచి ఉతికితే మొత్తం నీళ్లలోకి పోయింది! మీలో ఒకరు చెప్పినట్టు ఒక దారం కాల్చి చూశాను. పట్టయితే జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. ఇది కరిగి గట్టి పూసలా అయింది. అంటే పాలిస్టర్. కొనకముందే చేయాల్సిన పరీక్ష.

చివరికి రెడీమేడ్ వదిలేసి పల్చటి నూలు గుడ్డ తానుగా తెచ్చాను. పన్నా 110 సెంటీమీటర్లు. 165 సెంటీమీటర్ల ముక్కని నిలువుగా సగం చేస్తే రెండు స్కార్ఫ్‌లు, అలా పదహారున్నర మీటర్లు సరిపోయాయి. పొడవు వైపు ఒక్క కోసిన అంచే మడిచి కుట్టాలి, కొసల్లో దారాలు లాగేస్తే కుచ్చులు. కుట్టడానికి రెండు సాయంత్రాలు పట్టింది, నడుం విరిగిందనుకోండి.

గంజి పోయేలా వేడినీళ్లలో ముందే ఉతికాను, కాస్త కుంచించుకుపోయింది కూడా. నూలుకి పట్టు రంగులు పనికిరావు, నూలు దారాన్ని గట్టిగా పట్టుకునే రియాక్టివ్ రంగు, అది అంటుకోవడానికి సోడా యాష్ (చాకలి సోడా లాంటి పొడి) వాడాను. బాగా ఎక్కింది.

ఆ పాలిస్టర్ కట్టని పీలికలు చేసి జడల్లా అల్లిస్తున్నాను. పిల్లలకి అదే ఎక్కువ నచ్చింది, ఏం చేస్తాం!