పూనకం, పూనిక, ‘పలికెద’

సభ్యులకు నమస్కారం.

మొన్న విజయనగరంలో జరిగిన ఒక చిన్న గోష్ఠిలో, కొత్తగా కథలు రాస్తున్న ఒక అమ్మాయి నన్ను “మాస్టారూ, ఇన్‌స్పిరేషన్ అన్న మాటకు తెలుగులో సరైన మాట ఏది?” అని అడిగింది. ‘ప్రేరణ’ అని చెప్పి ఊరుకున్నాను గానీ ఆ జవాబు నాకే రుచించలేదు. ప్రేరణలో ఎవరో వెనకనుంచి తోస్తున్నారన్న ధ్వని ఉంది. స్ఫూర్తి అంటే అదరడం, తళుక్కుమనడం. విగ్రహావిష్కరణ సభల్లో పడి ఆ మాట అరిగిపోయింది. ఆవేశానికి మూలార్థం లోపలికి ప్రవేశించడమే అయినా, వాడుకలో అది కోపానికి చుట్టమైంది. “ఆవేశంలో రాసేశాడు” అంటే ఈ రోజుల్లో మెచ్చుకోలు కాదు. ఇలా ఒక్కొక్కదాన్నే పక్కన పెట్టుకుంటూ పోతే చివరికి మా ప్రాంతంలో అందరి నోటా నలిగే మాటే మిగిలింది: పూనకం. ఈ చర్చ దాని గురించే.

‘పూను’ అనే క్రియకు ధరించడం, వహించడం, సిద్ధపడడం అన్న అర్థాలు కావ్యభాషలో ఉన్నాయి. దీక్ష పూనారని ఇప్పటికీ అంటున్నాం. గుర్రాలను రథానికి కట్టడాన్ని ‘పూన్చడం’ అన్నారు. పట్టుదలతో పనికి దిగడమనే అర్థంలో ‘పూనిక’ వచ్చింది ఈ క్రియనుంచే. దేవత ఒంటిమీదికి రావడమనే అర్థంలో ‘పూనకం’ వచ్చిందీ దీనినుంచే. అంటే ఒళ్ళు మరిచి ఊగిపోవడానికీ, ఒళ్ళు వంచి పని చేయడానికీ తెలుగువాళ్ళు ఒకే క్రియను వాడుకున్నారన్న మాట. తేడా అంతా కర్తలో ఉంది. ‘ఆమెను అమ్మవారు పూనింది’ అన్న వాక్యంలో కర్త అమ్మవారు. ‘ఆమె ఆ పనికి పూనుకుంది’ అన్నప్పుడు కర్త ఆమే. వండు, వండుకొను, చదువు, చదువుకొను అన్న జంటల్లో లాగే, ‘కొను’ చేరేసరికి ఆ క్రియ చేసేవాళ్ళ వైపే తిరిగింది.

ఈ తేడాను నేను వ్యాకరణంలో నేర్చుకోకముందే మా నాయనమ్మ దగ్గర చూశాను. బొబ్బిలికి దగ్గరలో ఉన్న మా పల్లెలో గ్రామదేవత పండగనాడు ఆమెకు పూనకం వచ్చేది. డప్పుల దరువు మారగానే ఆమె చేతిలోని వేపమండ ముందు వణికేది, తరువాత భుజం, ఆ తరువాత మనిషంతా. మామూలు రోజుల్లో కోడళ్ళ ముందు కూడా గొంతెత్తని ఆ మనిషి, ఆ కాసేపూ ఊరి పెద్దల్ని పేరు పెట్టి పిలిచి నిలదీసేది. పసుపునీళ్ళు చల్లాక అరుగుమీద కూలబడి, గ్లాసెడు మజ్జిగ తాగి, చుట్టూ ఉన్నవాళ్ళను “నానేటన్నానర్రా?” అని అడిగేది. తాను పలికినదాంట్లో ఒక్క ముక్క కూడా ఆమెకు గుర్తుండేది కాదు. ఊరంతా గుర్తుపెట్టుకుని ఏడాది పొడుగునా చెప్పుకునేది.

రచయితకు ఆ సౌకర్యం లేదు. తాను రాసిన ప్రతి మాటా అతనికి గుర్తుండాలి, మర్నాడు పొద్దున దాన్ని కొట్టివేయగలగాలి. అందుకే ‘కవికి పూనకం వస్తుంది’ అన్న మాట వినడానికి బాగున్నా, నాకు సగమే నిజమనిపిస్తుంది. మిగతా సగం పోతన పద్యంలో ఉంది.

పలికెడిది భాగవతమఁట
పలికించెడివాఁడు రామభద్రుండఁట నేఁ
బలికిన భవహరమగునఁట
పలికెద వేఱొండు గాథ బలుకఁగ నేలా

ఈ కందాన్ని మనం సాధారణంగా ‘అంతా దేవుడే పలికించాడు’ అని చెప్పడానికి ఉదాహరిస్తాం. ఒక్కసారి ‘అట’లను లెక్కపెట్టండి. పలికేది భాగవతమట, పలికించేవాడు రాముడట, పలికితే భవహరమట, అంటే సంసారబంధం తొలగిపోతుందట: మూడు. మా ఊళ్ళో అయితే ‘అంట’ అంటారు. ఇతరుల మాటగా విన్నదాన్ని చెప్పడానికి వాడే ప్రత్యయం అది. నాలుగో పాదానికి వచ్చేసరికి ‘పలికెద’ అని ఒక్క మాట, దానికి ‘అట’ లేదు. ఆ క్రియకు కర్త పోతన ఒక్కడే. ఆ నిర్ణయం ఎవరో చెప్పగా విన్నది కాదు. పలికించేవాడి గురించి ఎంత చెప్పుకున్నా, పలకడానికి పూనుకున్నవాడు మాత్రం తానేనని ఆయన చాలా మర్యాదగా చెప్పుకున్నాడని నేను అనుకుంటున్నాను.

రాముడు కనిపించిన ఘట్టాన్ని వచనంలో చెప్పిన చోట కూడా ఇలాంటి జాగ్రత్తే కనిపిస్తుంది. నిండు పున్నమి రాత్రి చంద్రగ్రహణం రాగా, పెద్దల అనుమతితో గంగకు వెళ్ళి, స్నానం చేసి, ఇసుకతిన్నెమీద మహేశ్వర ధ్యానం చేస్తూ, ‘కించి దున్మీలిత లోచనుండనై’ ఉన్నప్పుడు రాముడు కనిపించాడంటాడు. కళ్ళు మూసుకుని కాదు, పూర్తిగా తెరుచుకునీ కాదు, కాస్తంత తెరిచి. ధ్యానించినది శివుణ్ణి, కనిపించినది రాముడు. సాధనలో మనం అడిగిందే వస్తుందనుకునేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

నా అనుభవం కూడా చెబుతాను, గొప్పకు కాదు. కొన్నేళ్ళ క్రితం నాకు చాలా నెలలపాటు కథ రాలేదు. ఒక మండలం దీక్ష పట్టి, రోజూ తెల్లవారుజామున దీపం పెట్టి, జపం పూర్తిచేసి, కథ దానంతట అదే వస్తుందని కూర్చున్నాను. నలభై ఒకటో రోజుకు మిగిలింది దేవుడి గూట్లో మసి. జపంలో లోపమేమీ లేదు, మనసు కుదుటపడిన మాట నిజం. కాగితమే ముందు లేదు. ఆ మర్నాటినుంచి దీపం ముందే పీట వేసుకుని, భాగవతంలో ఒక పద్యాన్ని నోటుపుస్తకంలో చేత్తో ఎత్తిరాసి, అదే పుస్తకాన్ని తిరగేసి వెనక పేజీనుంచి నా కథ రాయడం మొదలుపెట్టాను. ముందు వైపునుంచి పోతన, వెనక వైపునుంచి నేను. సుమారు నాలుగు నెలలకు మధ్యలో కలుసుకున్నాం. నా వైపు పేజీల్లో సగానికి పైగా కొట్టివేతలే.

‘ఉపాసన’ అన్న మాటకు ఉప, ఆసన అని విడదీసుకుంటే దగ్గరగా కూర్చోవడమనే అర్థం. సంస్కృతంలో కావ్యలక్షణాలు చెప్పిన దండి తన కావ్యాదర్శంలో, పూర్వవాసన (వెనకటి జన్మల సంస్కారం) వల్ల వచ్చే అద్భుతమైన ప్రతిభ లేకపోయినా సరే, ‘శ్రుతేన యత్నేన చ వాగుపాసితా ధ్రువం కరోత్యేవ కమప్యనుగ్రహమ్’ అన్నాడు. చదువుతోనూ ప్రయత్నంతోనూ ఉపాసిస్తే వాక్కు ఏదో ఒక అనుగ్రహం తప్పక చేస్తుందని భావం. ‘కమపి’ అన్న మాట చూడండి: ఏదో ఒకటి. ఎంత అని గానీ, ఎప్పుడు అని గానీ హామీ ఇవ్వలేదు. దీనికి ముందు శ్లోకంలోనే కావ్యసంపదకు కారణాలు చెబుతూ, ప్రతిభ, నిర్మలమైన శాస్త్రపరిచయం, ‘అమందాభియోగం’ అని మూడింటిని చెప్పాడు. అక్కడి అభియోగానికి మందగించని అభ్యాసమని అర్థం. దానికి తెలుగు మాట ‘పూనిక’. అభియోగమంటే ఇప్పుడు మనకు కోర్టులో మోపేది మాత్రమే గుర్తొస్తుంది. దండి చెప్పిన అభియోగాన్ని మన రచయితల్లో ఎంతమందిమీద మోపగలమో నేను చెప్పను.

సభ్యుల అభిప్రాయాల కోసం ఎదురుచూస్తున్నాను.

విజయనగరం నుంచి ఒక సభ్యురాలు:

మాస్టారూ, మీరు పూనకాన్ని కొంచెం తక్కువ చేశారనిపించింది. మీ నాయనమ్మగారు పండగకు ముందు ఉపవాసం ఉండేవారు కాదా? మా ఇంట్లో అమ్మవారు పూనే పెద్దమ్మ, పండగకు ముందు తొమ్మిది రోజులూ ఒంటిపూట భోజనం చేసి, నేలమీద పడుకుని, ఎవరితోనూ పొల్లుమాట ఆడేది కాదు. ఆ నియమాన్ని మీరు ఏ వైపు పెడతారు? మన ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ సంగతే తీసుకోండి. మాను ఎక్కడుందో పైడితల్లి పూజారికి కలలో చెబుతుందని మన నమ్మకం. అమ్మ చెప్పేది చెట్టు జాడ మాత్రమే. ఆ చింతమానును వెతికి, పూజ చేసి, కొట్టి, ఊళ్ళోకి తెచ్చి, వడ్రంగులు చెక్కి సిద్ధం చేస్తేగాని, విజయదశమి దాటిన మంగళవారంనాడు పూజారిగారు దాని కొసన కూర్చుని గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరగలేరు. కల లేకపోతే వడ్రంగి చెయ్యడానికేమీ లేదు, వడ్రంగి లేకపోతే కల అడవిలోనే ఉండిపోతుంది. రెండు మాటలకూ ఒకే క్రియ ఉండడానికి కారణం ఇదే కావచ్చు.

శ్రీకాకుళం నుంచి ఒక సభ్యుడు:

‘అట’ గురించి నాకు చిన్న అభ్యంతరం ఉంది. వాడుకలో ‘అట’ అన్నప్పుడు ‘నిజమో కాదో నాకు తెలియదు’ అన్న నీడ పడుతుంది. పోతనకు రాముడు స్వయంగా చెప్పాడు కదా, ఇక అనుమానమెందుకు? అది వినయమే గాని దూరం జరగడం కాదు. మరొక మాట: దండి చెప్పిన శ్రుతానికి, అంటే చదువుకు, మా ఊళ్ళో ఒక చిరునామా ఉంది. కథకులు కాళీపట్నం రామారావుగారు 1997లో తెలుగు కథల కోసం నెలకొల్పిన గ్రంథాలయం, కథానిలయంలో పాత పత్రికలు తిరగేస్తూ కూర్చున్న రోజులే నాకు ధ్యానం. అక్కడినుంచి ఇంటికి వచ్చిన రాత్రి ఒక పేరా అయినా రాయకుండా పడుకోలేను.

మూలరచయిత సమాధానం:

అమ్మా, మీ మాట ఒప్పుకుంటున్నాను. మా నాయనమ్మ కూడా పండగ వారమంతా పసుపుచీర కట్టి, పెరట్లో విడిగా వండుకుని తినేది. అది నాకు తెలిసీ, వేపమండ వణకడం దగ్గరనుంచే కథ మొదలుపెట్టాను. చూసేవాడికి కనిపించేది అదే గనుక. ఆమె పూనికే ముందు, పూనకం తరువాత. రాసేవాళ్ళకు ఆ తరువాత మరొక పూనిక కూడా అవసరమవుతుందన్న నా మాటను మాత్రం వదులుకోను. గురజాడ అప్పారావుగారు ఇదే విజయనగరంలో 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన కన్యాశుల్కాన్ని 1909లో బాగా పెంచి, తిరిగి రాసి మళ్ళీ అచ్చువేశారు. మనం ఈ రోజు సంభాషణలు అప్పజెప్పుకునేది ఆ రెండో కూర్పునుంచే. మొదటిసారి పలికించింది ఎవరైనా కానివ్వండి, పన్నెండేళ్ళ తరువాత అచ్చయిన పుస్తకాన్ని ముందు పెట్టుకుని దిద్దడానికి కూర్చున్నది ఆయనే.

శ్రీకాకుళం మిత్రులకు: ‘అట’లో అనుమానం ఉందని నేను అనలేదు. రాముడి మాటను రాముడి మాటగానే ఉంచి, తన మాటను అందులో కలపకుండా చూసుకున్నాడని నా ఉద్దేశం. వచనంలో రాముడు ‘భవబంధంబులు దెగు’ అన్నాడు గనుక, మూడో పాదంలోని ‘భవహరమగునట’ ఆ వాగ్దానాన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పడమే. అయితే వినయమన్న మీ మాట కూడా అక్కడ కూర్చుంటుంది. రెండూ ఒకే చోట ఉండకూడదన్న నియమమేమీ లేదు.

ఇక ఆ అమ్మాయికి నా జవాబు మార్చి చెప్పాను. మాట వచ్చినప్పుడు పూనకమని, దానికోసం కూర్చున్నప్పుడూ దాన్ని దిద్దినప్పుడూ పూనిక అని అనమన్నాను. “రెండూ కలిపి ఒక్క మాట కావాలి మాస్టారూ” అంది. నా దగ్గర లేదు. సభ్యులను అడిగేది ఒకటే: పసుపునీళ్ళు చల్లాక, మనిషి పూర్తిగా తేరుకోకముందు, ‘నానేటన్నాను’ అని అడిగే ఆ కాసేపటికి మీ ఊళ్ళలో ప్రత్యేకంగా ఏదైనా మాట ఉందా? ఉంటే ఏ ఊరిదో కూడా రాయండి.