తొలి హిమాలయ ట్రెక్: పూలలోయా, హంప్టా పాసా?

ఒంగోలు పరుగు:
ఇద్దరు స్నేహితులు, మా బామ్మర్ది, నేను, మొత్తం నలుగురం. ఆగస్టులో పదకొండు రోజులు సెలవు పెట్టి తొలిసారి హిమాలయాలకు పోదామనుకున్నాం. స్నేహితులిద్దరూ ఉత్తరాఖండ్‌లో పూలలోయ, అదే వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్, అంటున్నారు. మేమిద్దరం మనాలి దగ్గర హంప్టా పాస్, అదే హంప్టా కనుమ, అంటున్నాం. లోయ 3,500 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, పాస్ 4,270 మీటర్లు. నేను రోజూ పొద్దున్నే పది కిలోమీటర్లు పరిగెత్తుతాను. రెండు రోజులు రైల్లో కూర్చుని అంత దూరం పోయి, డెబ్బై ఏళ్ళ పెద్దవాళ్ళు కూడా నడిచే దారిలో నడిచి రావడానికి నా మనసొప్పడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కావలి మాస్టారు:
తమ్ముడూ, మొదటిసారికి లోయే. మనం సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్ళం. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. హంప్టా మీద ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్ళో అందేదాంట్లో దాదాపు 60 శాతమే. ఒళ్ళు దానికి అలవాటు పడాలంటే రోజులు పడుతుంది, ఎంత పరిగెత్తేవాడికైనా అంతే. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని డాక్టర్లు చెప్పే లెక్క. మామూలు హంప్టా ప్రోగ్రామ్‌లో, 2,050 మీటర్ల మనాలిలో బయల్దేరిన మూడో రోజుకే పాస్ మీద ఉంటారు.

నా సంగతి చెబుతాను. ముప్పై నాలుగేళ్ళప్పుడు ఇదే దారిలో పోయాను. పాస్‌కు ముందు రాత్రి మకాం బాలూ కా ఘేరాలో. క్యాంపుకు అందరికంటే ముందు చేరింది నేనే. బ్యాగులోంచి చిప్స్ ప్యాకెట్ తీస్తే బెలూన్‌లా ఉబ్బి ఉంది. ఏడింటికి కణతల దగ్గర నొప్పి మొదలైంది. ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి మూత తీస్తే ఆ వాసనకే కడుపులో తిప్పింది. ఎవరికీ చెప్పలేదు, చెబితే వెనక్కి పంపేస్తారని. తెల్లవారుజామున షూ లేసు కట్టుకుందామని వంగితే ముడి పడలేదు. వేళ్ళు మాట వినడం లేదు. గైడ్ చూసి నన్ను లేపి, అడుగులో అడుగేసి, మడమకు బొటనవేలు ఆనించి నడవమన్నాడు. మూడో అడుగుకే పక్కకు తూలాను. ఒక్క మాట మాట్లాడకుండా నా బ్యాగు తన భుజాన వేసుకుని కిందికి నడిపించాడు. నడక మొదలయ్యే జోబ్రా చేరేసరికి తలనొప్పి సగం తగ్గింది. మెదడులో నీరు చేరడం మొదలైతే అలా తూలతారని తర్వాత తెలిసింది. ఇంకో గంట దాచి ఉంటే పాస్ ఎక్కే దారిలో పడేవాణ్ణి.

బలంగా ఉన్నవాడే వేగంగా ఎక్కేస్తాడు, వాడే నొప్పి దాచుకుంటాడు. నీ పరుగు సంగతి చదివి నాకు భయం వేసింది.

పెన్నా ఒడ్డు:
మాస్టారూ, మీకు జరిగింది చిన్న విషయం కాదు. కానీ ఆగస్టులో పూలలోయ సులువంటే నేనొప్పుకోను. లోయలో నడక సులువే, అక్కడికి చేరడమే కష్టం. రిషికేశ్ నుంచి గోవింద్‌ఘాట్ దాకా వానల్లో కొండచరియలు విరిగి రోడ్డు ఎప్పుడు మూసుకుపోతుందో తెలియదు. మేం జోషిమఠ్ చేరకముందే రెండు రోజులు ఇరుక్కుని, లోయ చూడకుండానే తిరిగొచ్చాం. హంప్టా అవతల లాహౌల్, అక్కడ వాన తక్కువ. పొద్దున పచ్చటి వైపు ఎక్కి, మధ్యాహ్నానికి గడ్డిపోచ కూడా కనపడని నేలమీదకు దిగుతాం. ఒక్కరోజులో అంత మార్పు నేనింకెక్కడా చూడలేదు. మన మలావత్ పూర్ణ 2014లో పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది, నిజామాబాద్ జిల్లా పిల్ల. మైదానంలో పుట్టినవాళ్ళు ఎత్తులకు పోకూడదంటే ఎలా?

కావలి మాస్టారు:
పోకూడదనలేదు. పూర్ణ భువనగిరి కొండమీద మొదలుపెట్టి డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ తీసుకుంది. ఎవరెస్ట్ మీద వారాల తరబడి ఒంటిని అలవాటు చేసుకుంది. ఆ పిల్ల పేరు చెప్పేటప్పుడు ఆ రోజులు కూడా లెక్కపెట్టాలి. వీళ్ళకున్న సెలవులో రాకపోకలు, నడక పోను ఒళ్ళు అలవాటు పడడానికి ఒక్క రోజు కూడా మిగలదు. రోడ్డు సంగతి మాత్రం మీరన్నది నిజం.

నెల్లూరు సిస్టర్:
నేను నర్సుని, రెండూ చేశాను. మాస్టారుగారితోనే నా ఓటు. డయామాక్స్ అనే మాత్ర ఒళ్ళు త్వరగా అలవాటు పడడానికి పనికొస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి. అది వేసుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కంగారుపడొద్దు. తలనొప్పికి పారాసిటమాల్ వేసుకుని, తగ్గింది కదా అని పైకి మాత్రం పోవద్దు.

పూలలోయను తక్కువగా చూడకు తమ్ముడూ. 1931లో బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం 7,756 మీటర్ల కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ ఈ లోయలోకి వచ్చింది. అంత ఎత్తు చూసినాయన ఈ పూలకోసం 1937లో మళ్ళీ వచ్చాడు. లోయలో రాత్రి ఉండనివ్వరు. 3,050 మీటర్ల ఘాంగరియాలో పడుకుని, రెండో రోజు సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ సాహిబ్ ఎక్కండి. ఆరు కిలోమీటర్లలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుడు, పైన 4,000 దాటుతారు. నీ పది కిలోమీటర్ల పరుగు ఏపాటిదో అక్కడ తెలుస్తుంది. పైన గురుద్వారాలో వేడి కిచిడీ, టీ పెడతారు. రాళ్ళ మధ్య బ్రహ్మకమలాలు, కాగితంలా పలుచని లేతపసుపు రేకుల మీద మంచు తడి. ఒంట్లో బాగోకపోతే అదే దారిన దిగొచ్చి లాడ్జిలో మంచం మీద పడుకోవచ్చు. హంప్టా అవతలికి దిగాక అదే దారిన వెనక్కి రావాలంటే మళ్ళీ పాస్ ఎక్కాల్సిందే.

ఒంగోలు పరుగు:
మాస్టారూ, షూ లేసు సంగతి మా బామ్మర్దికి చదివి వినిపించాను. వాడు రోడ్డు సంగతి పట్టుకుని ఇంకా హంప్టాయే అంటున్నాడు. నేను మాత్రం లోయ, హేమకుండ్ వైపు వచ్చేశాను. వచ్చే ఆదివారం నలుగురం ఉదయగిరి దుర్గం ఎక్కుతున్నాం. ప్రాక్టీసుకు పనికొస్తుందా?

కావలి మాస్టారు:
వెయ్యి మీటర్లు కూడా లేని కొండ, ఎత్తుకు పనికిరాదు. మోకాళ్ళకు పనికొస్తుంది. కృష్ణదేవరాయలంతటివాడు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గానీ పట్టుకోలేకపోయిన దుర్గం అది. ఐదింటికల్లా ఎక్కడం మొదలుపెట్టండి, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి. బామ్మర్దిని ముందు నడవనివ్వకు. అందరికంటే నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు పెట్టి, వాడి వెనకే మీ ఇద్దరూ నడవండి.