సీలియాక్ వ్యాధి: విరేచనాల వల్ల ఒరిసిపోయిన చర్మానికి ఉపశమనం ఎలా?

ప్రశ్న (గుంటూరు అమ్మ):

మా అమ్మాయికి పన్నెండేళ్లు. రక్తపరీక్షలోనూ, ఎండోస్కోపీలో తీసిన చిన్నపేగు ముక్క పరీక్షలోనూ సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీను పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు) అని ఈ వేసవిలో నిర్ధారణ అయింది. అప్పటినుంచి గోధుమ, మైదా, బార్లీ పూర్తిగా మానిపించాము. కడుపుబ్బరం తగ్గింది గాని విరేచనాలు ఇంకా కట్టుకోలేదు. మలద్వారం చుట్టూ చర్మం ఎర్రగా ఒరిసిపోయి, కడుక్కున్న ప్రతిసారీ మంటకు తట్టుకోలేక ఏడుస్తున్నది. బడిలో బాత్రూముకు వెళ్లవలసి వస్తుందన్న భయంతో మధ్యాహ్నం అన్నం తినడమే మానేస్తున్నది. నాకు అన్నిటికంటే దిగులు కలిగిస్తున్నది ఇదే. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువైంది. ఈమధ్య రెండు మోచేతుల మీదా దురదతో చిన్న నీటి పొక్కులు కూడా కనిపిస్తున్నాయి. ఇవన్నీ ఒకటేనా? దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు (జొన్నరొట్టె):

అమ్మా, నేను ఈ వ్యాధితో చాలాకాలంగా ఉన్నవాణ్ణి కాబట్టి ఆ మంట ఎటువంటిదో నాకు తెలుసు. పేగు దెబ్బతిన్నప్పుడు ఆహారం సరిగా అరగకుండా వేగంగా కిందికి వచ్చేస్తుంది. దానితోపాటు జీర్ణరసాలూ పిత్తరసపు ఆమ్లాలూ వచ్చి చర్మాన్ని తాకుతాయి. కాబట్టి ఆ చర్మానికి కావలసింది ఘాటైన మందు కాదు, ఆ తడి తగలకుండా కాపాడే పూత.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు చాలు. అక్కడ సబ్బు గాని, డెట్టాల్ వంటివి గాని, సువాసన ఉన్న వెట్ వైప్స్ గాని వాడవద్దు. హ్యాండ్ షవర్ నీటిధార ఒరిసిన చర్మం మీద దెబ్బలా తగులుతుంది గనుక మగ్గుతో మెల్లగా పోసుకోమనండి. తరువాత రుద్దకుండా మెత్తని నూలు గుడ్డతో అద్దాలి. పూర్తిగా ఆరిన మీదట జింక్ ఆక్సైడ్ ఉన్న లేపనం గాని వాజలీన్ గాని మందంగా రాయాలి. మరుసటిసారి పూత మొత్తాన్నీ గీకి తీయవలసిన పని లేదు, మలినమైన పైపొరను మాత్రం తీసి దాని మీదే మళ్లీ రాస్తే చర్మానికి శ్రమ తగ్గుతుంది. పౌడరు చల్లవద్దు. లోదుస్తులు వదులుగా ఉన్న నూలువి వేయండి.

బడి సంగతి అశ్రద్ధ చేయకండి. క్లాసు టీచరుగారికి విషయం చెప్పి, అడగకుండానే లేచి వెళ్లే అనుమతి ముందుగా తీసుకోండి. సంచిలో చిన్న లేపనం డబ్బా, మెత్తని గుడ్డ, మార్చుకునే బట్టలు ఉంటే పిల్లకు ధైర్యం వస్తుంది, అన్నమూ తింటుంది.

జవాబు (చర్మ వైద్యురాలు):

పై సలహాలు సరైనవే. మోచేతుల పొక్కులను మాత్రం వేరుగా చూడాలి. రెండు మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద ఇరువైపులా ఒకే తీరుగా, విపరీతమైన దురదతో వచ్చే నీటి పొక్కులు డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అనే చర్మవ్యాధి కావచ్చు. అది విరేచనాల ఒరుపు కాదు. గ్లూటెన్ వల్ల పుట్టిన ప్రతిరక్షకాలు చర్మంలో చేరడం వల్ల వచ్చేది. పేరు హెర్పిస్‌ను తలపించినా ఆ వైరస్‌తో దీనికి సంబంధం లేదు, ఇది అంటుకోదు. పొక్కు పక్కనున్న మామూలు చర్మం నుంచి చిన్న ముక్క తీసి ఐజీఏ అనే ఆ ప్రతిరక్షకం కోసం పరీక్షిస్తే తేలుతుంది. డాప్సోన్ అనే మాత్రతో దురద కొద్ది రోజుల్లోనే శాంతిస్తుంది గాని, అది ఎర్రరక్తకణాలను దెబ్బతీయగలదు గనుక జీ6పీడీ (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం లేదని రక్తపరీక్షలో చూసిన తరువాతే వైద్యులు మొదలుపెడతారు. ఆ మాత్ర పేగును బాగుచేయదు, ఆహారనియమం అవసరాన్నీ తీసివేయదు.

షాపులో ఇచ్చిన క్రీము పేరు చూడండి. అందులో క్లోబెటాసోల్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటే కొనసాగించకండి, వైద్యులకు చూపించండి. అవి మొదట ఎరుపును తగ్గిస్తాయి, తరువాత చర్మాన్ని పలచబరచి ఫంగస్‌కు చోటిస్తాయి. ఎర్రటి మచ్చ అంచుల చుట్టూ విడివిడిగా చిన్న పొక్కులు కనిపిస్తే ఫంగస్‌ను అనుమానించి దానికి తగిన మందు వాడాలి. ఈ వ్యాధిలో జింకు లోపం కూడా సాధారణమే; నోటి చుట్టూ, మలద్వారం చుట్టూ పుండ్లు పడటానికి అదీ ఒక కారణం కావచ్చు. రక్తం పడినా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా ఆలస్యం చేయవద్దు.

గుంటూరు అమ్మ:

చాలా కృతజ్ఞతలు. క్రీములో స్టెరాయిడ్ ఉంది. ఆపి, రేపే ఆసుపత్రికి తీసుకువెళతాము. ఇంట్లో గోధుమ లేకపోయినా విరేచనాలు ఎందుకు కట్టుకోవడం లేదో కూడా చెప్పగలరా?

జవాబు (జొన్నరొట్టె):

పేగు మానడానికి కొన్ని నెలలు పడుతుంది, అంతవరకు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కూడా సరిపడకపోవచ్చు. కొన్నాళ్లు పాలు తగ్గించి పెరుగు, మజ్జిగ ఇచ్చి చూడండి. అయితే ముందుగా వెతకవలసింది మనకు తెలియకుండా లోపలికి చేరుతున్న గోధుమను. పొడి ఇంగువలో చాలావాటికి మైదా కలుపుతారు. పప్పులోనూ పులిహోరలోనూ అది రోజూ పడుతుంది. ఇడ్లీ రవ్వ బియ్యపుది గాని ఉప్మా రవ్వ, సేమియా గోధుమవి. పాలలో కలుపుకునే, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) ఉన్న పొడుల్లో బార్లీ ఉంటుంది. అన్నవరం ప్రసాదం గోధుమ రవ్వతో చేసేది, కళ్లకద్దుకుని పక్కవారికి ఇవ్వడం పిల్లకు నేర్పండి.

రాగి, జొన్న, సజ్జ, కొర్ర నిర్భయంగా పెట్టవచ్చు. చిక్కంతా పిండిమర దగ్గరే ఉంది. గోధుమలు ఆడిన రాతిలోనే జొన్నలు పోస్తే ఆ పిండి ఈ పిండిలో కలుస్తుంది. ఇంట్లోనే చిన్న యంత్రంతో ఆడించుకోండి, లేదా గ్లూటెన్ లేదని ముద్రించిన పిండి కొనండి. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం ఆ మాట ముద్రించాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఇవన్నీ సరిచూసుకున్నా విరేచనాలు తగ్గకపోతే మళ్లీ జీర్ణకోశ నిపుణులకు చూపించి, టీటీజీ రక్తపరీక్ష (సీలియాక్ ప్రతిరక్షకాలను కొలిచేది) మరోసారి చేయించవలసిన అవసరం ఉందేమో అడగండి.