తిక్కన ‘దక్షులు’, ఓజ్యోర్‌స్క్ సోవియెట్

శారద: అణుబాంబులకు ప్లుటోనియం చేసేందుకు సోవియెట్ రష్యా కంచె వేసి మూసిన ఊరు చెల్యాబిన్‌స్క్-40 (నేటి ఓజ్యోర్‌స్క్) గురించి చదువుతుంటే, కౌరవ సభలో కృష్ణుడి నోట తిక్కన పలికించిన ‘సారపు ధర్మమున్’ పద్యం మనసులో మెదులుతోంది: ధర్మం, సత్యం చెడిపోతుంటే ఆపగల దక్షులెవరు ఉపేక్షిస్తే వాళ్లకే చేటు అని. ‘ఉపేక్ష సేసిరి’ అనా, ‘జేసిరి’ అనా? ఇంకోటి, 1954లో పట్టణ హోదాతో ఏర్పడిన ఆ ఊరి సోవియెట్ (పురపాలక మండలి) సభ్యులు తిక్కన చెప్పిన ‘దక్షులు’ అవుతారా? 1957 సెప్టెంబరు 29న అక్కడి కర్మాగారంలో అణు వ్యర్థాల ట్యాంకు పేలితే 1989 దాకా అధికారికంగా ఒప్పుకోనేలేదు.

వేంకటరమణ: సేసిరి. ‘ఉపేక్ష’ జడం (ప్రాణంలేనిది) కనుక ద్వితీయకు బదులు ప్రథమ, ఆపై గసడదవాదేశం (చకారం సకారమవడం). ద్రుతం (చివర నకారం) పెట్టుకుంటే జేసిరి. యతి వా-వాలకు పడింది కాబట్టి సాక్ష్యానికి రాదు.

భాస్కర్: వ్యాకరణం సరే మాస్టారూ. దక్షుడంటే చేయగలవాడు. ఆ సోవియెట్ ఏం చేయగలదు? ఇళ్ల నుంచి సరుకుల దాకా కర్మాగారం పెత్తనమే. దాని పైన మాస్కోలో ‘మధ్యతరహా యంత్ర నిర్మాణ’ మంత్రిత్వ శాఖ. అణుబాంబుల శాఖకు ఎంత అమాయకమైన పేరో! ఊరు పటంలో లేదు గనుక పేలుడుకు కూడా పొరుగున ఉన్న కిష్తీమ్ పేరే తగిలించారు.

సత్యవతి: భీష్ముడికి మాత్రం ఏ అధికారముంది? అయినా ఆ పద్యం ఆయన చెవిన కూడా పడింది కదా. దక్షత వేరు, పదవి వేరు. ఆ కర్మాగారం నుంచి తేచా నదిలోకి 1949 నుంచే రేడియోధార్మిక వ్యర్థాలు వదిలారు. దిగువన మెత్లినో పల్లెవాళ్లు ఆ నీళ్లే వాడుకున్నారు.

భాస్కర్: అమ్మా, 1949లో సోవియెట్టే లేదు. కర్మాగారం డైరెక్టరే ఊరి పెద్ద. మెత్లినో ఆ ఊరి కంచెకు బయట ఉంది.

సత్యవతి: కంచె బయట ఉంటే దాహం వేయదా? ‘దక్షులెవ్వారలు’ అన్నాడు కవి, ‘ఆ పరిధిలోని దక్షులు’ అనలేదు.

వేంకటరమణ: అసలు ఆ ‘ఎవ్వారలు’ చూడండి. రెండో పాదం ‘దక్షులె’ దగ్గర తెగి, ‘వ్వారలు’ మూడో పాదంలోకి జారింది. ఎవరన్నది అక్కడే వేలాడుతుంది! ఈ విరుపు తిక్కనకే చెల్లు. పోతనలో చూపించండి.

శారద: మరి సోవియెట్ సంగతి?

భాస్కర్: 1992 చట్టంతో మూసిన ఊళ్లకు ప్రత్యేక ప్రతిపత్తి వచ్చింది, ఓజ్యోర్‌స్క్ అన్న పేరు 1994లో బయటపడింది. కంచె మాత్రం తీయలేదు. అప్పటినుంచి దక్షుల లెక్క వేరేగా వేయాలి.

సత్యవతి: మాస్టారూ, పోతన ‘ఎవ్వనిచే జనించు’ పద్యం మరిచారా? రెండో పాదం ‘మూలకారణం’ దగ్గర ఆగి, ‘బెవ్వఁడు’ మూడో పాదంలో పడలేదూ? అక్కడా ‘ఎవ్వడు’ అనే మాటే!

వేంకటరమణ: అక్కడ తెగింది ‘కారణంబు’. ‘ఎవ్వడు’ చెక్కుచెదరలేదు. రెండూ ఒకటెలా అవుతాయి?