మన సమస్యల మీద మనకే పట్టింపు లేదెందుకు?

ప్రశ్న:
మా అపార్ట్‌మెంట్ గ్రూపులో దేశ రాజకీయాల మీద రోజూ వాదనలే. వీధి చివర మురుగు కాలువ పొంగుతోంది, అందరం కలిసి ఫిర్యాదు ఇద్దామంటే మాత్రం ఒక్కరూ సంతకం పెట్టరు. "మనకెందుకండీ గొడవ" అంటారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో సగం మంది కూడా ఓటేయలేదు. ఎందుకిలా అయ్యాం? నిజంగా బాధగా ఉంది.

జవాబు:
అందరినీ తప్పుపట్టకండి. చాలామందికి ఎవరిని అడగాలో తెలియదు. రెండుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాక ఎవరికైనా విసుగొస్తుంది.

జవాబు:
నేను రిటైర్డ్ టీచర్ని. మా ఊళ్లో గ్రామసభకు పట్టుమని పదిమంది వచ్చేవారు కాదు. సమాచార హక్కు చట్టం (2005) కింద సిమెంట్ రోడ్డు ఖర్చు అడిగాను. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన కాగితాన్ని పంచాయతీ ఆఫీసు ముందు చదివాను. ఎప్పుడూ పలకనివాళ్లు కూడా ఆగి, "మా వీధికెంత రాశారు మాస్టారూ?" అని అడిగారు. లెక్క కళ్లముందు పెడితే జనం కదులుతారు, ఇది నేను చూసిందే.

ప్రశ్న అడిగినవారు:
అయితే నేనొక్కడినే దరఖాస్తు పెడతాను మాస్టారూ. కాలువ పూడిక ఎందుకు తీయలేదని అడగనా?

జవాబు:
"ఎందుకు" అని అడగొద్దు బాబూ, దాటేస్తారు. రికార్డులో ఉన్న కాగితమే అడగండి: పూడికతీత పని ఆర్డరు, బిల్లు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీలు. ఏ సంవత్సరానివో తప్పకుండా రాయండి.