వంటింటి చెక్క గరిటెలకు పాలిష్ కొట్టాలా, నూనె చాలా?

కావలి షెడ్డు: మేడ మీద రేకుల షెడ్డులో ఒక లేత్ మిషను, చిన్న రంపం మిషను పెట్టుకుని ఆదివారాలు చెక్కపని చేస్తుంటాను. శ్రావణంలో మా చెల్లెలి గృహప్రవేశం. వేపచెక్కతో గరిటెలు, పప్పుగుత్తి, పోపుల పెట్టె చేసిద్దామని. మా వీధి వడ్రంగి మెలమైన్ పాలిష్ కొట్టమంటున్నాడు. మా ఆవిడేమో ఆ మందు నోట్లోకి పోతుంది, వద్దంటోంది. మీరేమంటారు?

ఒంగోలు మెరుపు: కళ్లు మూసుకుని పాలిష్ కొట్టన్నా. మనిళ్లల్లో గరిటెని రాత్రంతా ఎంగిలి గిన్నెలతో నానేస్తారు. ఉత్త చెక్కయితే నీళ్లు తాగి నల్లబడుతుంది. చేపల పులుసులో ఒక్కసారి పెడితే ఆ వాసన వదలదు.

నెల్లూరు పెద్దమ్మ: చేపల పులుసులో గరిటె పెట్టేదెవరు నాయనా! ముక్క చితికిపోదూ? చట్టిని గుడ్డతో పట్టుకుని తిప్పాలి గానీ.

ఉదయగిరి పక్కూరోణ్ణి: పెద్దమ్మా 😀

విషయానికొస్తే, నా ఓటు నూనెకే. మెలమైన్, పీయూ (పాలీయూరిథేన్) లాంటి పాలిష్‌లు చెక్క మీద పొరలా నిలుస్తాయి. పెన్ను స్టాండుకి, ఫొటో ఫ్రేముకి బ్రహ్మాండంగా ఉంటాయి. గరిటె సంగతి వేరు. సలసల కాగే కూరలో మునుగుతుంది, బాండీ అడుగు గీకుతుంది. ముందు అంచు దగ్గర పొర లేస్తుంది, ఆ సందులోంచి నీళ్లు లోపలికి దిగుతాయి. లేచిన పెచ్చు ఎక్కడికి పోతుంది? పప్పులోకే. నూనె అలా కాదు, చెక్కలోకి ఇంకుతుంది. తగ్గితే మళ్లీ రుద్దుకోవచ్చు.

మా ఉదయగిరిలో నర్ది, దేవదారి చెక్కలతో స్పూన్లు చేస్తారు, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) కూడా ఉంది. మా ఇంట్లో ఉన్నవాటికి మెరుపు పూతేమీ లేదు, రోజూ వాడుతున్నాం.

ఒంగోలు మెరుపు: మీరు రుద్దుకుంటారు, సరే. కానుక పుచ్చుకున్నవాళ్లు రుద్దుతారా? రోహిణి కార్తెకి రోళ్లే పగులుతాయంటారు, నూనె లేని గరిటె ఎంత! పగిలాక తిట్టేది చేసినవాణ్ణే.

కావలి షెడ్డు: నా భయమూ అదే. పోనీ నూనె అంటే ఏ నూనె? ఇంట్లో వేరుశనగ నూనె ఉంది.

చిత్రిక: వేరుశనగ వద్దు, ఆరదు. కొన్నాళ్లకి జిడ్డుగా మారి ముక్కిపోయిన వాసన వస్తుంది. అవిసె నూనె గాలి తగిలితే గట్టిపడుతుంది. అయితే రంగుల షాపులో ‘బాయిల్డ్’ అని అమ్మేది తేవద్దు, త్వరగా ఆరడానికి అందులో లోహపు రసాయనాలు కలుపుతారు. తినడానికి అమ్మే గానుగ నూనె తెచ్చుకోండి. పలచగా పట్టించి, పావుగంటాగి తుడిచేయాలి. బాగా ఆరడానికి వారాలు పడుతుంది కాబట్టి శ్రావణం దాకా ఆగకండి.

ఒక జాగ్రత్త. తుడిచిన గుడ్డని ఉండచుట్టి రంపప్పొట్టులో పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, దానంతటదే అంటుకోగలదు. నీళ్లలో తడిపి, విడదీసి ఆరేయండి. అసలే మీది రేకుల షెడ్డు.

నూనెకి ముందు గరిటెని ఓసారి తడిపి ఆరనిస్తే పీచు లేస్తుంది. అప్పుడు 320 నంబరు ఎమ్రీ కాగితంతో రుద్దండి. లేకపోతే మొదటిసారి తోమగానే గరుకెక్కుతుంది.

ఇంతకీ ఆ వేపచెక్క ఆరిందేనా? పచ్చిదైతే నూనె, పాలిష్ రెండూ దండగే.

కావలి షెడ్డు: రెండేళ్ల కిందట గాలివానకి పడిన చెట్టు. కోయించి నీడన పేర్చా.

ఒంగోలు మెరుపు: పోపుల పెట్టెకైనా పాలిష్ కొట్టు బాబూ.

చిత్రిక: పైన కొట్టుకోమనండి. లోపల కారం, పసుపు తగిలేచోట మాత్రం వద్దు. అసలు లోపల స్టీలు గిన్నెలు కూర్చోబెడితే గొడవే ఉండదు.

నెల్లూరు పెద్దమ్మ: ఆ అమ్మాయికి ఫోను చేసి గరిటెలు నానేయొద్దని చెప్పు నాయనా. ఇంకో పప్పుగుత్తి ఎక్కువైతే నాకు పంపు, నూనె నేనే రాసుకుంటా.