‘వార్షిక వలయం’ బదులు ‘ఏటి గీత’ అనొచ్చా?

చెట్టు మానులోని గుండ్రాలను చదివి పాతకాలపు వానలనూ కరువులనూ లెక్కగట్టే శాస్త్రవేత్తల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. పాఠ్యపుస్తకాల్లో ‘వార్షిక వలయం’ అని ఉంది. తప్పేమీ కాదు. కానీ నాకు మనసు ఒప్పడం లేదు.

చెట్టును అడ్డంగా కోస్తేనే కదా అది వలయం? వీళ్ళు చెట్టును కొయ్యరు. లోపల బోలుగా ఉండే బరమాను చేత్తో తిప్పుతూ మానులోకి దించి, పెన్సిల్ కన్నా సన్నటి పుల్లను బయటికి లాగుతారు. దాన్ని చెక్క గాడిలో అతికించి, సాండ్‌పేపర్‌తో అద్దంలా నున్నగా రుద్ది మైక్రోస్కోప్ కింద పెడితే కనిపించేవి గీతలే. చెట్టు జోరుగా పెరిగేటప్పుడు పెద్ద కణాలతో లేతరంగు పట్టీ, పెరుగుదల మందగించాక చిన్న కణాలతో ముదురు గీత. రెండూ కలిస్తే ఒక ఏడు. అందుకే ‘ఏటి గీత’ అనుకున్నాను.

ఒకరి జవాబు: మాట బాగుంది. కానీ ‘ఏడు’కీ ఏటి, ‘ఏరు’కీ ఏటి. చదివేవాళ్ళు నది ఒడ్డున పడ్డ గీత అనుకోరా?

నిజమే, ఆ ఇబ్బంది ఉంది. అయినా ఈ మాటకే మొగ్గుతున్నాను, ఎందుకంటే ఆ గీతలు ఏటి సంగతి కూడా చెబుతాయి. అమెరికాలో కొలరాడో నది నీళ్ళను 1922లో 7 రాష్ట్రాలు పంచుకున్నాయి. అప్పటికి చేతిలో ఉన్నవి కొద్ది ఏళ్ళ కొలతలే. 1976లో స్టాక్టన్, జాకొబీ అనే ఇద్దరు చెట్ల గీతలతో కొన్ని వందల ఏళ్ళ ప్రవాహాన్ని లెక్కగడితే, ఆ కొలతలు తీసిన కాలం మామూలు కన్నా బాగా నీళ్ళున్న కాలమని తేలింది. లేని నీళ్ళను పంచుకున్నారన్నమాట! ఆ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంకో మాట. గీతలు లెక్కపెడితే సరిపోదు. ఒక చెట్టులోని సన్న, వెడల్పు గీతల క్రమాన్ని ఇంకో చెట్టు క్రమంతో జత చూడాలి. దీనికి ‘వరస కలపడం’ అంటే ఎలా ఉంటుంది? చుట్టరికం తేల్చుకునేటప్పుడు మనం వాడే మాటే. ఈ పద్ధతికి పునాది వేసిన డగ్లస్ ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడి మచ్చల జాడ కోసం చెట్ల దగ్గరికి వచ్చాడు. 1929లో అరిజోనాలోని షో లో అనే ఊళ్ళో దొరికిన కాలిన దూలం ఒకటి, బతికున్న చెట్ల వరసనూ ప్యూబ్లో అనే అక్కడి ఆదివాసుల పాత కట్టడాల దూలాల వరసనూ కలిపింది. దాంతో ఆ కట్టడాలు ఏ ఏటివో చెప్పగలిగారు.

ఇంకా రెండిటికి మాటలు కావాలి. బాగా ఎండిన ఏడు కొన్ని చెట్లకు గీతే పడదు. పెరిగే కాలం నడుమ ఎండిపోయి మళ్ళీ వాన పడితే ఒకే ఏడు రెండు గీతలు పడినట్టు కనిపిస్తాయి. రెండోదానికి ‘దొంగ గీత’ అని రాసుకున్నాను. మొదటిదానికి ‘గీత తప్పిన ఏడు’ అన్నాను గానీ, ఇంకా చిన్న మాట తడితే చెప్పండి.